బిడ్డ కండలలో పెద్దల కోరిక

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమున, డాలస్ నగరమునకు ఉత్తరముగా నున్న ప్లేనో పట్టణము మన పాఠకులలో పలువురికి కొత్తది కాదు; కొడుకో కూతురో ఆ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు వేలకొలదిగా నున్నవి. ఆ పట్టణమునందే 2003 జూలై 15న, ఉన్నత పాఠశాల బేస్‌బాల్ జట్టులో బంతి విసరువానిగా పేరు గడింపవలెనని ఉవ్విళ్ళూరుచుండిన టేలర్ హూటన్ అను పదునేడేండ్ల బాలుడు ఆత్మహత్య చేసికొనెను. ఇంకను ఒళ్ళు చేయవలెనని శిక్షకుడొకడు చెప్పిన పిమ్మట వాడు అనబాలిక్ స్టెరాయిడ్లను చాటుగా వాడెననియు, అవి మానిన కొలది వారములలో ముంచుకొనివచ్చిన నిస్పృహయే వానిని బలిగొనెననియు తండ్రి డాన్ హూటన్ నమ్మకము.

ఈ నమ్మకమునకు శాస్త్రాధారము లేకపోలేదు. పురుష శరీరమున సహజముగా నూరు టెస్టోస్టిరోనునకు ఇవి కృత్రిమానుకరణములు. బయటి సరఫరా సమృద్ధిగా నుండుటచే శరీరము స్వీయోత్పత్తిని తగ్గించుకొనును. సరఫరా హఠాత్తుగా ఆగినపుడు ఆ లోటు దేహమును, అంతకు మించి మనస్సును క్రుంగదీయును. ఎదుగు వయసున మరియొక వైపరీత్యము కలదు: ఎముకల చివరనుండు వృద్ధిస్థానములు అకాలమున మూసికొనిపోవుటచే, భారీకాయమునకై వాడినవాడు రావలసిన పొడవునైనను పొందజాలక నిలిచిపోవచ్చును.

2005 మార్చి 17న అమెరికా ప్రతినిధుల సభా సంఘము ఎదుట డాన్ హూటన్ తన కుమారుని కథ చెప్పెను. ఆ దినముననే అచట సాక్ష్యమిచ్చిన బేస్‌బాల్ మహాక్రీడాకారులలో మార్క్ మెగ్వైర్ గతమును గూర్చి ముచ్చటించుటకు నిరాకరించెను; తానెన్నడు స్టెరాయిడ్ల నెరుగనని వ్రేలుచూపి పలికిన రఫేల్ పాల్మీరో ఆ యేడే పరీక్షలో దొరికిపోయెను.

టెక్సాస్ శాసనసభ 2007లో పాఠశాల క్రీడాకారులకు పరీక్షలు విధించి, మొదటి రెండేండ్లకు 60 లక్షల డాలర్లు కేటాయించెను. వేలాది బాలబాలికల మూత్రమును పరీక్షింపగా దొరికినవారు అత్యల్పులు. 2015లో ఆ పథకము ముగిసెను. చట్టమునకై పోరాడిన హూటనే, పరీక్షల తీరు లోపభూయిష్టమనియు, దొరికినవారు కొలదిమందియే గనుక దోషమే లేదనుట తగదనియు వాదించెను.

అతని వాదము సమంజసమే యైనను, సీసాలో పట్టిన మూత్రమున కానరానిది మరియొకటి యున్నది. ఉన్నత పాఠశాలలో ఆటలాడువారిలో కళాశాల క్రీడా విద్యార్థివేతనము దక్కునది నూటికి ఇంచుమించు ఇద్దరికేనని అచటి కళాశాల క్రీడాసంస్థయే చెప్పుచుండగా, ఆ ఇద్దరిలో తమ బిడ్డ యొకడని నమ్మి ప్రత్యేక శిక్షకులకును, ఊరూర జరుగు పోటీలకును ధనము ధారవోయు తల్లిదండ్రులు, ఆట ముగిసి కారెక్కినది మొదలు ఇల్లు చేరువరకు సాగించు సమీక్షను ఏ ప్రయోగశాల కొలువగలదు? ఎంసెట్ ర్యాంకుల నడుమ పెరిగిన మనకు ఈ సమీక్ష అపరిచితమని చెప్పజాలను. హూటన్ దంపతులపై ఈ నింద మోపుట మాత్రము అన్యాయము; వారు చూచినది కుమారుని కోపమునే గాని సూదిని కాదు.

సూదిని ఎరిగియుండిన తండ్రియు ఒకడు కలడు. ఫ్లోరిడాలో చక్రాల బూట్లతో పందెములు పరుగెత్తు తన కుమారునికి, వానికి పదమూడేండ్లయినను నిండకమునుపే, గ్రోత్ హార్మోనును, పిమ్మట స్టెరాయిడ్లను ఎక్కించుటకు పూనుకొన్న ఆ తండ్రికి 2008లో ఫెడరల్ న్యాయస్థానము ఆరేండ్ల కారాగారము విధించెను. అంతకు రెండేండ్ల మునుపే ఆ కుమారుడు పోటీలనుండి రెండేండ్లు బహిష్కృతుడాయెను. నిబంధనల ప్రకారమది సక్రమమే కావచ్చును. కాని తండ్రి ఇచ్చినదానిని కాదనుటకు పండ్రెండేండ్ల బాలునికి ఏ అధికారము గలదో ఆ నిబంధనలు వ్రాసినవారు ఎచటను చెప్పలేదు.