లెన్స్ నంబర్ ఒక్కటే కాదు.. మోటార్ కూడా చూడాలె

పెండ్లిళ్ల సీజన్ దగ్గర పడ్డదంటే ఊర్లల్ల ఫొటోలు, వీడియోలు తీసే యూత్ సెకండ్ హ్యాండ్ లెన్సుల కోసం తిరుగుడు షురూ చేస్తరు. కొనేటప్పుడు అందరు అడిగేవి రెండే ముచ్చట్లు. ఎన్ని ఎంఎం? ఎఫ్ ఎంత? లోపల ఏ మోటార్ ఉన్నదని అడిగేటోళ్లు చానా తక్కువ. చిట్టీ ఎత్తి, అప్పు తెచ్చి కొన్న లెన్స్ మన కెమెరా మీద ఫోకస్ కాకపోతే ఎవరిని అడుగుతం? జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం మళ్లొకసారి రాదు కదా.

ఆటో ఫోకస్ అంటే రెండు పనులు. ఫోకస్ ఎక్కడుండాలెనో లెక్కగట్టేది కెమెరా. ఆ లెక్క ప్రకారం లెన్స్ లోపలి అద్దాలను ముందుకు, ఎనక్కు జరిపేది మోటార్. స్పీడ్, చప్పుడు, వీడియోల ఫోకస్ మెల్లగ మారుడు.. ఇవన్నీ చానావరకు మోటార్ మీదనే ఆధారపడి ఉంటయి.

బాడీల మోటార్

1985ల మినోల్టా 7000 కెమెరా వచ్చింది. దాంట్ల మోటార్ కెమెరా బాడీలనే ఉండేది. స్క్రూ డ్రైవర్ లెక్క ఒక చిన్న కడ్డీ లెన్స్‌ను తిప్పేది. నికాన్ పాత ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సులది కూడా ఇదే పద్ధతి. ఈ లెన్సులు గట్టివి, సెకండ్ హ్యాండ్‌ల అగ్గువకు దొరుకుతయి. కానీ ఇక్కడనే చానామంది దెబ్బతింటరు. 2006ల వచ్చిన డి40 నుంచి నికాన్ తన చిన్న కెమెరాలల్ల ఈ మోటార్ తీసేసింది. డి3000, డి5000 సిరీస్ కెమెరాలల్ల అది లేదు. 50 ఎంఎం 1.8డి లెన్స్ వాటికి పెడితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. అదే లెన్స్ డి90, డి7200 మీద మంచిగ ఆటో ఫోకస్ అయితది. నికాన్ మిర్రర్‌లెస్ జడ్ కెమెరాలకు ఎఫ్‌టీజడ్ అడాప్టర్ పెట్టినా గీ పాత లెన్సులకు ఆటో ఫోకస్ రాదు.

లెన్సులనే మోటార్

కెనాన్ 1987ల ఈఓఎస్ తెచ్చినప్పుడు వేరే తొవ్వ పట్టింది. మోటార్‌ను లెన్సులనే పెట్టింది. అగ్గువ లెన్సులల్ల గేర్లతోని తిరిగే చిన్న డీసీ మోటార్ ఉంటది. పాత 50 ఎంఎం 1.8 రెండో మోడల్ ఇట్లాంటిదే. గుర్రుమని చప్పుడు చేస్తది. ఆటో ఫోకస్ ఆన్‌ల ఉన్నప్పుడు రింగ్ చేత్తో తిప్పితే గేర్లు ఖరాబయితయి.

దీనికంటే మంచిది రింగ్ అల్ట్రాసోనిక్. కరెంట్ ఇస్తే సన్నగ వణికే సిరామిక్ రింగ్ ఉంటది. ఆ వణుకుడు అల లెక్క చుట్టు తిరిగి అద్దాలను జరుపుతది. చప్పుడు దాదాపు ఉండదు, స్పీడ్ మస్తు. ఆటో ఫోకస్ ఆన్‌ల ఉన్నా చేత్తో తిప్పుకోవచ్చు. ఇట్లాంటి మోటార్‌ను కెనాన్ యూఎస్ఎం అంటది, నికాన్ ఎస్‌డబ్ల్యూఎం అంటది, సిగ్మా హెచ్‌ఎస్ఎం అంటది. అయితే యూఎస్ఎం అని రాసి ఉన్నంత మాత్రాన రింగ్ మోటారే అనుకోవద్దు. 75-300 యూఎస్ఎం లెన్సుల ఉన్నది చిన్న రకం మోటార్.

వీడియో కోసం వచ్చినవి

ఫొటోకు స్పీడ్ కావాలె. వీడియోకు ఫోకస్ గుంజినట్టు కాకుండ మెత్తగ మారాలె. అందుకే 2012ల కెనాన్ ఎస్‌టీఎం తెచ్చింది. ఇది అడుగు అడుగు వేసినట్టు కొలిచి కదులుతది. 2015ల 50 ఎంఎం 1.8 కూడా ఎస్‌టీఎంల వచ్చింది. వీటి రింగ్ కరెంట్ మీదనే పనిచేస్తది, కెమెరా ఆఫ్‌ల ఉంటే తిప్పినా ఫోకస్ మారదు. నికాన్‌ల ఈ రకం పేరు ఏఎఫ్-పీ. దీంతోని జాగ్రత్త. డి90, డి3100 లాంటి పాత బాడీల మీద ఏఎఫ్-పీ లెన్స్ పెడితే ఆటో కాదు, చేత్తో కూడా ఫోకస్ కాదు.

కొత్త మిర్రర్‌లెస్ లెన్సులల్ల లీనియర్ మోటార్లు వస్తున్నయి. అయస్కాంతం, కాయిల్ కలిసి అద్దాలను సీదా జరుపుతయి. తిరిగే గేర్లు లేవు కాబట్టి స్పీడ్, నిశ్శబ్దం రెండూ ఉంటయి. కెమెరా ఆఫ్ చేసి ఊపితే కొన్ని లెన్సులల్ల కటకట చప్పుడు వస్తది. ఫ్యూజీ 90 ఎంఎం ఇట్లాంటిదే. అది ఖరాబ్ కాదు, కరెంట్ లేనప్పుడు అద్దాలు వదులుగ ఉంటయి, అంతే.

మరి ఏది కొనాలె?

ఖరీదైన మోటార్ అందరికీ అక్కరలేదు. బ్యాండ్ మోగే బరాత్‌ల లెన్స్ చప్పుడు ఎవరికీ వినపడదు. అప్పగింతలల్ల, ఇంటర్వ్యూలల్ల, షార్ట్ ఫిల్ములల్ల కెమెరా మైక్ వాడితే మాత్రం గుర్రుమనే మోటార్ సౌండ్ అంతా పాడు చేస్తది. ఫొటోలే ఎక్కువ తీసేటోళ్లకు రింగ్ అల్ట్రాసోనిక్ మేలు. వీడియో ఎక్కువైతే ఎస్‌టీఎం, లీనియర్ మేలు. పోర్ట్రెయిట్లు నింపాదిగ తీసేటోళ్లు, బాడీల మోటార్ ఉంటే పాత స్క్రూ లెన్సుతోని పైసలు మిగిల్చుకోవచ్చు. ఇంకో మాట. ఫోకస్ లెక్క కట్టుడుల కెమెరానే వెనుకబడితే, ఎంత మంచి మోటార్ పెట్టినా దాన్ని సరిచేయలేదు.

షాపుకు పోయేటప్పుడు మీ కెమెరా ఎంబడి తీస్కపోండి. లెన్స్ దానికే పెట్టి దగ్గరున్నదాని మీద, దూరమున్నదాని మీద పది సార్లు ఫోకస్ చేయండి. ఒక నిమిషం వీడియో తీసి ఇయర్‌ఫోన్ పెట్టుకొని వినండి. కంపెనీలు ఒక్కటే పనికి ఒక్కో పేరు పెడ్తయి, అమ్మేటోళ్లు అవన్నీ విడమరిచి చెప్పరు. పైసలు మనవి, కాబట్టి లెన్స్ మీద ఉన్న అక్షరాలు మనమే చదువుకోవాలె. బేరం ఆ తర్వాత ఆడొచ్చు.