తపాలా ఓటు

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఇంద్రేశం 2025లో పురపాలక సంఘంగా మారింది. అంతవరకు అది గ్రామపంచాయతీ. సర్పంచిని ఎన్నుకొన్న ఊరు ఇకమీదట వార్డులవారీగా కౌన్సిలర్లను ఎన్నుకోవాలి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ఇట్టి ఎన్నికల నిర్వహణ బాధ్యతను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. వీధి దీపము, మురుగు కాలువ, మంచినీటి కుళాయి వంటి నిత్యావసరాలు కౌన్సిలరు పరిధిలోనివి. వార్డు చిన్నది గనుక గెలుపోటముల నడుమ అంతరం కూడా చిన్నదిగానే ఉంటుంది. కొన్ని చోట్ల పది ఓట్లే ఫలితాన్ని తారుమారు చేయగలవు. అందువలన పోలింగు కేంద్రానికి రాలేని ఓటరు సంగతి శాసనసభ ఎన్నికలలో కంటె ఇక్కడ ఎక్కువ ఆలోచింపదగినది.

ఇంద్రేశంలో ఓటు హక్కు గల ఒక ఉపాధ్యాయునికి పోలింగు నాడు జహీరాబాదులో విధులు పడవచ్చు. ఎందరి చేతనో ఓటు వేయించే ఆయన తన ఓటును తాను వేసుకోలేని పరిస్థితి ఏర్పడుతుంది. లోక్‌సభ ఎన్నికలలో తన నియోజకవర్గ పరిధిలోనే విధులు నిర్వహించే ఉద్యోగి ధ్రువపత్రం చూపి, పనిచేసే కేంద్రంలోనే ఓటు వేయవచ్చు. పురపాలక ఎన్నికలలో నియోజకవర్గమంటే ఒక వార్డు మాత్రమే. సొంత వార్డులోనే విధులు లభించడం అరుదు. అట్టివారికి తపాలా ఓటే దిక్కు.

ఈ పద్ధతి చూపునకు సులభమైనదే గాని ప్రతి మెట్టులోను జాగ్రత్త అవసరం. ఓటరు ముందుగా ఎన్నికల అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. బ్యాలెట్ పత్రంతో పాటు రెండు కవర్లు, ఒక ప్రకటన పత్రం అందుతాయి. ఓటు గుర్తించిన పత్రాన్ని చిన్న కవరులో పెట్టి అంటించాలి. ప్రకటన పత్రంపై అర్హుడైన అధికారి ఎదుట సంతకం చేసి, ఆయనచే ధ్రువీకరింపజేయాలి. చిన్న కవరును, ప్రకటనను పెద్ద కవరులో ఉంచి పంపాలి. ఓట్ల లెక్కింపు ఆరంభానికి నిర్ణయించిన సమయంలోగా అది అధికారిని చేరాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ కవరును తెరువరు. లెక్కింపు నాడు మొదట పరిశీలించేది ప్రకటననే. అందులో లోపముంటే చిన్న కవరును విప్పకుండానే పక్కన పెడతారు. రెండు కవర్ల ఏర్పాటులోని యుక్తి మెచ్చదగినది. ఓటరెవరో తెలిపే కాగితము, ఓటెవరికో తెలిపే కాగితము ఒకే చూపునకు చిక్కవు.

ధ్రువీకరణ అనే చిన్న విషయం ఎంత దూరం పోగలదో తమిళనాడులోని రాధాపురం ఉదంతం తెలుపుతుంది. 2016 శాసనసభ ఎన్నికలలో అక్కడ అప్పావు అనే అభ్యర్థి 49 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ప్రధానోపాధ్యాయులు ధ్రువీకరించారన్న కారణంతో 203 తపాలా ఓట్లను అధికారులు తిరస్కరించారు. వ్యాజ్యం మూడేళ్లు నడిచింది. 2019 అక్టోబరులో మద్రాసు హైకోర్టు ఆ ఓట్లను లెక్కింపవలసిందిగా ఆదేశించింది. లెక్కింపు జరిగినా ఫలితాన్ని ప్రకటింపరాదని సుప్రీంకోర్టు నిలిపివేసింది. తప్పు ఓటరుది కాదు, అభ్యర్థిది కాదు. ఎవరి సంతకం చెల్లుతుందన్నదే తగాదా.

తెలంగాణలో తపాలా ఓటు పరిధి ఒకమారు బాగా విస్తరించింది. కోవిడ్ వ్యాపించిన కాలంలో, 2020 డిసెంబరు 1న జరిగిన హైదరాబాదు మహానగరపాలక సంస్థ ఎన్నికలలో 80 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు, వ్యాధి సోకినవారికి కూడా రాష్ట్ర ఎన్నికల సంఘం ఈ సౌకర్యం కల్పించింది. డిసెంబరు 4న మొదట తపాలా ఓట్లనే లెక్కించారు. ఆ తొలి లెక్కలో భారతీయ జనతా పార్టీ ముందంజలో కనబడింది. పెట్టెలు తెరిచాక లెక్క మారింది. చివరకు 150 వార్డులలో తెరాసకు 56, భాజపాకు 48, మజ్లిస్‌కు 44 దక్కాయి. ఉదయపు తొలి అంకెలను చూసి సాయంత్రపు ఫలితాన్ని ఊహించడం తగదు.

కొన్ని దేశాలలో ఈ పద్ధతి మినహాయింపు కాదు, ఆనవాయితీ. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్ర ప్రజలు 1998లో తపాలా ఓటింగునే సాధారణ పద్ధతిగా ఆమోదించారు. తర్వాత వాషింగ్టన్ రాష్ట్రమూ అదే బాట పట్టింది. అక్కడ పౌరసత్వం పొందిన తెలుగువారు నగర మండలి సభ్యుని ఎన్నుకొనే పత్రాన్ని ఇంటికే అందుకొంటారు. కవరుపై సంతకాన్ని అధికారుల వద్దనున్న సంతకంతో పోల్చి చూస్తారు. మరో అధికారి ధ్రువీకరణ అక్కరలేదు. అదే వీధిలో నివసిస్తూ భారత పౌరసత్వాన్ని నిలుపుకొన్న తెలుగువానికి 2010 చట్టసవరణ స్వదేశంలో ఓటు హక్కునిచ్చింది. అయితే అతడు స్వయంగా విమానమెక్కి వచ్చి ఓటు వేయవలసిందే.

ఇంద్రేశం పరిసరాల కర్మాగారాలలో పనిచేసే వలస కార్మికుని పరిస్థితి దీనికి భిన్నం కాదు. అతని పేరు సొంత ఊరి ఓటర్ల జాబితాలోనే ఉండిపోవచ్చు. ఎన్నికల విధులలో లేడు గనుక తపాలా ఓటు అతనికి వర్తించదు. ఇట్టివారి కొరకు 72 నియోజకవర్గాల ఓట్లను ఒకే చోట నమోదు చేయగల దూర ఓటింగు యంత్రాన్ని కేంద్ర ఎన్నికల సంఘం రూపొందించి, 2023 జనవరిలో పార్టీలను ప్రదర్శనకు ఆహ్వానించింది. పలు పార్టీలు అభ్యంతరం తెలిపాయి. వలస వచ్చిన చోటనే నివాసం చూపి పేరు నమోదు చేసుకొనే వీలు చట్టంలో ఉంది. కాని అద్దె గది చిరునామాకు ఆధారం దొరకడం కష్టం. దొరికినా సొంత ఊరి ఓటును వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు. వారు పోలింగు ముందురోజు రాత్రి పని ముగించుకొని ఊరికి బస్సెక్కుతారు, లేదా ఓటును వదులుకొంటారు.