రోజెన్‌వాల్డు పాఠశాలలు

బడి నడుపుట ప్రభుత్వమువారి పని, చందా లిచ్చుట దాతల పని, బిడ్డలను బంపుట తల్లిదండ్రుల పని యని మనము వేరువేరుగా దలంచుచుందుము. ఈ మూడును ఒక్కచోట గలిసినప్పు డెవరి భాగ మెంత యగునో తెలిసికొనగోరు వారికి, అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో 1912 మొదలు 1932 వరకు నడచిన యొక కార్యము మిక్కిలి యుపయుక్తముగా నుండును.

ఆ రాష్ట్రములలో 1865వ సంవత్సరమున బానిసత్వము రద్దయ్యెను గాని, తెల్లవారి బిడ్డలకు ఒక బడి, నల్లవారి బిడ్డలకు మరియొక బడి యను విభాగము తరువాత చట్టములచే స్థిరపడెను. పన్నులు మాత్రము ఇరువురును చెల్లించుచుండిరి. ఆ పన్నులలో నల్లవారి బడులకు ముట్టునది అత్యల్పము. పల్లెలలో వారి పిల్లలు ప్రార్థనమందిరములలోను శిథిలమైన గుడిసెలలోను అక్షరములు నేర్చుకొనుచుండిరి. పత్తి యేరు దినములలో ఆ చదువును లేకపోయెడిది.

జూలియస్ రోజెన్‌వాల్డు 1862లో జర్మనీనుండి వలసవచ్చిన యూదుల కుటుంబమున జన్మించెను. తపాలా మూలమున సరకు లమ్ము చికాగో వర్తకసంఘమగు సియర్స్ రోబక్‌నకు అధ్యక్షుడై విశేషధనము నార్జించెను. 1911లో ఆయనకు బుకర్ టి. వాషింగ్టనుతో పరిచయము కలిగెను. వాషింగ్టను బానిసగా బుట్టి, అలబామాలోని టస్కెగీ విద్యాలయమును తీర్చిదిద్దిన యుపాధ్యాయుడు. 1912లో రోజెన్‌వాల్డు తన యేబదియవ జన్మదినమున టస్కెగీకి 25,000 డాలర్లు దానము చేయగా, అందు మిగిలిన కొంత సొమ్ముతో పల్లెలలో ఆరు చిన్న బడులు కట్టించుటకు వాషింగ్టను అనుమతి వేడెను. అందు మొదటిది 1913లో లోచపోకా యను గ్రామమున వెలసెను.

దాత పెట్టిన నిబంధనలే ఈ చరిత్రకు ప్రాణము. నిధి యెంత యిచ్చునో అంతకు తక్కువకాని మొత్తమును ఊరివారును ప్రభుత్వమును కూర్పవలెను. రొక్కము లేనివారు స్థలమో, కలపయో, కాయకష్టమో యిచ్చినను అది రొక్కముతో సమముగా నెంచబడును. ఆటలకును తోటపనికిని చాలునట్లు రెండెకరములకు తగ్గని స్థల ముండవలెను. అన్నిటికంటె ముఖ్యమైన దేమనగా, ఆ స్థలమును భవనమును ప్రభుత్వ విద్యాధికారుల పేర వ్రాసి యిచ్చి, అది సర్కారు బడిగానే నడువవలెను. దాత తన సొంత బడులు పెట్టుకొనలేదు. నల్లవారి బిడ్డలను మరచిన ప్రభుత్వముచేత ఆ భారమును మోయించుటకు తన సొమ్మును మీటవలె నుపయోగించెను.

ఇక ఊరివారు తమ వంతును కూర్చిన విధమును వినవలయును. కొన్ని గ్రామములలో కొంత పొలమును బడి పేర విడిచి, అందు పండిన పత్తి నమ్మి ఆ వెలను నిధి కర్పించిరి. స్త్రీలు భోజనపు పొట్లములు కట్టి యమ్మిరి. పురుషులు అడవిలో చెట్లు గొట్టి దూలములు మోసిరి. అలబామాలోని గ్రీన్ కౌంటీయందు జరిగిన చందా సభలో, బానిసత్వమును స్వయముగా ననుభవించిన వృద్ధు డొకడు లేచి, జిడ్డుపట్టిన పాతసంచిలో తాను జీవితమంతయు కూడబెట్టిన 38 డాలర్లను బల్లమీద కుమ్మరించెనట.

లెక్క ముగియునప్పటికి 15 రాష్ట్రములలో 4,977 బడులును, 217 ఉపాధ్యాయుల గృహములును, 163 పనిశాలలును వెలసెను. మొత్తము వ్యయము సుమారు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందు రోజెన్‌వాల్డు భాగము దాదాపు 43 లక్షల 60 వేలు, అనగా ఏడవవంతుకంటె కొంచె మెక్కువ. నల్లవా రిచ్చినది 47 లక్షలకు పైబడెను. తెల్లవారి చందాలు 12 లక్షలు. తక్కిన 1 కోటి 81 లక్షలు ప్రజలు కట్టిన పన్నులనుండి వచ్చినవి. బడులకు కోటీశ్వరుని పేరు నిలిచినది గాని, ఆయనకంటె నెక్కువ యిచ్చినవారు కౌలురైతులును చాకిరిచేయు స్త్రీలును. వారు ముందే పన్ను గట్టినవారు. తమ హక్కగు బడికై మరల చందా గట్టిరి. దీనిని దాతృత్వమని మెచ్చుకొనుచు ఆ అన్యాయమును మరచుట నాకు సమ్మతము కాదు.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మొకటి కలదు. టస్కెగీ శిల్పి రాబర్టు టేలరు మున్నగువారు గీసిన నమూనాలలో ఎత్తయిన కిటికీలను వరుసగా నమర్చి, వెలుతురు పిల్లల యెడమవైపునుండి పడునట్లు చేసిరి. వ్రాయు చేతినీడ పలకమీద పడగూడదని వారి యుద్దేశము. గదుల నడుమ జరుపదగిన తడికలుంచి, ఊరి సభలకు రెండు గదులను ఒక్కటిగా జేయు నేర్పాటును చేసిరి.

అయితే ఇంత యిచ్చిన ప్రజలకు కౌంటీ విద్యాసంఘములలో మాట చెల్లెడిది కాదు. అవి తెల్లవారి చేతిలో నుండెను. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము ఈ విషయమున భిన్నమైన మార్గము చూపినది. సర్కారు బడి యాజమాన్య సంఘమున ముప్పాతికవంతు సభ్యులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సగము మంది స్త్రీలై యుండవలెను. సర్కారు సొమ్మేగాక ఇతరు లిచ్చిన సొమ్ము సైతము ఎట్లు వ్యయమగుచున్నదో చూచుట వారి విధులలో నొకటి. కాగితముమీది యీ యధికారము ఎన్ని యూళ్లలో వాడుకలో నున్నదో తల్లిదండ్రులే విచారించుకొందురు గాక.

1928 నాటికి దక్షిణపు పల్లెలలోని నల్లవారి విద్యార్థులలో మూడవవంతు ఈ బడులలో చదువుచుండిరి. తెల్లవారికిని వారికిని చదువులో నున్న యంతరము తగ్గుటకు ఇవి గణనీయమైన కారణమని 2011లో ఆరన్సన్, మజుందార్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కలతో నిరూపించిరి. శాశ్వతనిధులయందు నమ్మకములేని రోజెన్‌వాల్డు, తన మరణానంతరము ఇరువదియైదేండ్లలో ధనమంతయు వ్యయము కావలెనని శాసించి 1932 జనవరిలో గతించెను. నిధి 1948లోనే ముగిసెను. జాతులను వేరుచేసి చదివించుట చెల్లదని 1954లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినపిమ్మట ఈ బడులు క్రమముగా మూతపడెను. అనేకములు కూలినవి. నిలిచిన వానిలో కొన్నింటిని పూర్వవిద్యార్థులే చందాలు వేసికొని బాగుచేయించి, గ్రామసభా మందిరములుగా నుంచుకొనియున్నారు.