బియ్యం ఉన్నాయి, మరి కూర?

సమతుల ఆహారం అనగానే బడి గోడ మీది చార్టు గుర్తొస్తుంది. పాలగ్లాసు, ఆపిల్, పన్నీరు, బాదం. మన వాడల్లో వండుకునే బోటి, నల్ల, ఎండు తునకలు, చేనుగట్టు మీది తుమ్మికూర ఆ చార్టులో కనబడవు. అది ఎవరి వంటిల్లు చూసి గీసిందో వేరే చెప్పాలా?

ముందు లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదాని ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి 41 గ్రాముల పైమాటే. ఇనుము ఆడవాళ్లకు 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19. మామూలు తెల్లబియ్యం 100 గ్రాముల్లో ఇనుము ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. మూడు పూటలా అన్నమే తింటే కడుపు నిండుతుంది గానీ రక్తం పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. 2013 ఆహార భద్రతా చట్టం మామూలు రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యానికి హామీ ఇచ్చింది. అందులో పప్పు లేదు, నూనె లేదు. రేషన్ బియ్యంలో ఇనుము చేర్చిన గింజలు కలపడం మొదలుపెట్టారు సరే, అవి కూరకు బదులు కావు.

మాంసం, కార్జం, నల్లలో ఉండే ఇనుమును ఒళ్లు తేలిగ్గా పట్టుకుంటుంది. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము అంతగా ఒంటబట్టదు; పక్కన నిమ్మకాయో, ఉసిరికాయో, జామపండో ఉంటే మెరుగు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ కాస్తా పోతుంది. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో సహజంగా దొరకదు. గుడ్డు, చేప, మాంసం, పాలలోనే ఉంటుంది. చౌకగా దొరికే పెద్దకూరను తిట్టేవాళ్లు దాని బదులు ఏం పెడతారో చెప్పరు. అలాగని రోజూ మాంసమే తినమని కాదు. ఏదైనా బాగా ఉడకాలి, నూనె, ఉప్పు మితంగా ఉండాలి.

మాంసం లేని రోజు పప్పు. బియ్యంలో కొరవడిన లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంటుంది కాబట్టి రెండూ కలిస్తేనే ప్రోటీన్ పూర్తి. జొన్న, సజ్జ, రాగి కూడా కావాలి. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటుతుంది. ఒకప్పుడు సంకటి తినేవాళ్లని ఎగతాళి చేశారు, ఇప్పుడదే మిల్లెట్ పేరుతో సూపర్‌మార్కెట్‌కెక్కింది. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు ఈ పంటలను, వాటి మధ్య తమంతట తామే మొలిచే ఆకుకూరలను ఎప్పటినుంచో కాపాడుకొస్తున్నాయి.

హాస్టల్ విద్యార్థులకు ఒక మాట. మెనూలో ‘పప్పు’ అని రాసి ఉంటే చాలదు, ఎంత వండారో అడగండి. 30 గ్రాముల కందిపప్పులో దాదాపు ఒక గుడ్డంత ప్రోటీన్, 6 గ్రాములకు పైగా ఉంటుంది. తలా 30 గ్రాములంటే వందమందికి పూటకు 3 కిలోలు. ఆ 3 కిలోలు పొయ్యి దాకా వచ్చాయో లేదో స్టాక్ రిజిస్టర్‌లో చూడొచ్చు.