కరెంటును కనిపెట్టి చూసే గది



కరెంటు పోగానే కూలరులోని పాలు ఏమవుతాయోనని మనకు బెంగ. ఆ కరెంటును రాత్రింబగళ్లు కనిపెట్టి చూసే గదులున్నాయి. వీటిని లోడ్ డిస్పాచ్ కేంద్రాలంటారు. దక్షిణాది కేంద్రం బెంగుళూరులో ఉన్నది. పెద్ద సబ్‌స్టేషన్ల అంకెలు కొద్ది సెకన్లకొకసారి అక్కడి తెరపైకి వస్తాయి.

వాటిలో ముఖ్యమైనది ఫ్రీక్వెన్సీ. అది 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. ఉత్పత్తిని మించి వాడకం పెరిగితే, బరువెక్కిన బండిని లాగే ఎద్దుల నడకవలె అది తగ్గుతుంది. అప్పుడు ఉత్పత్తి పెంచాలి, లేదా కొన్ని లైన్లు ఆపాలి. లైన్లు మోయలేని భారం పడి 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్ కూలిపోయింది.

అయితే మన కూలరులోని పాల వేడి ఆ తెరపై కనబడదు. దానిని మనమే చూడాలి. గంటకొకసారి డిగ్రీలు పుస్తకంలో వ్రాయండి. చల్లబడిన పాలు 4 డిగ్రీలు దాటుతుంటే వెంటనే జనరేటరు వేయండి. మేము తనిఖీకి వచ్చినపుడు ముందుగా అడిగేది ఆ పుస్తకమే.