తీసేసిన చోటే ప్రజాస్వామ్య పాఠం: చరిత్రకారుడు మోజెస్ ఫిన్లే

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న రట్గర్స్ విశ్వవిద్యాలయం 1972లో ఒక ప్రాచీన గ్రీకు చరిత్రకారుడిని ఉపన్యాసాలకు ఆహ్వానించింది. అంశం ప్రజాస్వామ్యం. అప్పటికి ఆయన ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ప్రాచీన చరిత్ర ఆచార్యుడు. ఇరవై ఏళ్ల కిందట ఆయనను ఉద్యోగంలోంచి తొలగించింది కూడా ఇదే రట్గర్స్. ఆయన పేరు మోజెస్ ఫిన్లే. ప్రాచీన గ్రీసును చదివే పద్ధతిని మార్చిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఫిన్లే 1912లో న్యూయార్క్‌లోని యూదు కుటుంబంలో పుట్టారు. అసలు ఇంటిపేరు ఫింకెల్‌స్టైన్. పదిహేనేళ్లకే సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తిచేశారు. తర్వాత కొలంబియాలో చదివింది గ్రీకు భాషా సాహిత్యాలు కాదు, న్యాయశాస్త్రం. హిట్లర్ జర్మనీ నుంచి తరలివచ్చిన ఫ్రాంక్‌ఫర్ట్ మేధావుల సంస్థతో కలిసి పనిచేశారు. మార్క్స్, మాక్స్ వెబర్ రచనలు ఆయన ఆలోచనకు పునాది వేశాయి. గ్రీకు చరిత్ర అంటే యుద్ధాలు, మహాపురుషులు, శిల్పాలు అనుకునే కాలంలో ఆయన వేసిన ప్రశ్నలు వేరు. అప్పు ఎవరు తీసుకున్నారు? పని ఎవరు చేశారు? నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

1950లో పూర్తయిన ఆయన పీహెచ్‌డీ పరిశోధన ఏథెన్స్ పరిసరాల్లో దొరికిన తాకట్టు రాళ్ల గురించి. ఫలానా భూమి, ఫలానా ఇల్లు అప్పుకింద తాకట్టులో ఉందని చెప్పే శాసనాలవి. చితికిపోయిన చిన్న రైతుల కథే వాటిలో కనబడుతుందని అంతకుముందు కొందరు అనుకునేవారు. ఫిన్లే వాటిని లెక్కగట్టి చూస్తే చాలావరకు అప్పులు ఆస్తిపరులవేనని తేలింది. అవి కూడా పెట్టుబడికి కాదు, కట్నం వంటి ఖర్చులకు చేసినవి.

ఈ పుస్తకం అచ్చయ్యే నాటికే ఆయన మెడపై కత్తి వేలాడుతోంది. అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగుతున్న రోజులవి. సెనెట్ అంతర్గత భద్రతా ఉపసంఘం ఎదుట 1951లో ఇద్దరు ఆయన పేరు చెప్పారు. వారిలో ఒకరు చైనా చరిత్ర పండితుడు కార్ల్ విట్‌ఫోగెల్. 1952 మార్చిలో ఫిన్లే అదే ఉపసంఘం ముందు హాజరయ్యారు. తాను కమ్యూనిస్టు పార్టీ సభ్యుడిని కాదన్నారు. గతంలో ఎప్పుడైనా ఉన్నారా అన్న ప్రశ్నకు మాత్రం, రాజ్యాంగ ఐదో సవరణ ఇచ్చిన హక్కును వాడుకుని జవాబు నిరాకరించారు. చర్య అక్కర్లేదని రట్గర్స్ అధ్యాపకుల కమిటీ తేల్చినా, పాలకమండలి వినలేదు. జవాబు చెప్పకపోవడమే తొలగింపునకు తగిన కారణమని డిసెంబరులో తీర్మానించింది. నేరం రుజువు కాలేదు, ఉద్యోగం మాత్రం పోయింది.

అమెరికాలో దారులు మూసుకుపోవడంతో ఆయన ఇంగ్లండ్ వెళ్లారు. 1955లో కేంబ్రిడ్జ్‌లో చేరారు. 1962లో బ్రిటిష్ పౌరుడయ్యారు. 1970లో ఆచార్య పదవి, 1979లో సర్ బిరుదు అందుకున్నారు.

పేరు తెచ్చిన తొలి పుస్తకం 'ద వరల్డ్ ఆఫ్ ఒడిస్సియస్' 1954లో వచ్చింది. హోమర్ కావ్యాల్లోని వీరులు ఇచ్చిపుచ్చుకునే కానుకలు ఉదారత కాదని, తిరిగి తీర్చవలసిన బాధ్యతలని ఆయన వివరించారు. మన పెళ్లిళ్లలో చదివింపుల లెక్క ఎరిగినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. బానిసత్వంపై ఆయన చెప్పిన మాట మరింత ఇబ్బందికరం. గ్రీకు పౌరుడి స్వేచ్ఛ, బానిస సంకెల ఒకదానికొకటి వ్యతిరేకంగా కాక చెట్టాపట్టాలేసుకుని పెరిగాయని ఆయన వాదన.

1973లో వచ్చిన 'ది ఏన్షియంట్ ఎకానమీ' పెద్ద చర్చకు తెరతీసింది. ప్రాచీనుల ఆర్థిక జీవితాన్ని నడిపింది మార్కెట్ కాదు, హోదా అని ఆయన అన్నారు. ఈ వాదన అంతా నిలవలేదు. మునిగిన ఓడలు, మట్టి జాడీల మీద తర్వాత జరిగిన పరిశోధన ఆయన వాణిజ్యాన్ని తక్కువ అంచనా వేశారని చూపింది. కేరళ తీరంలోని ముజిరిస్ నుంచి వెళ్లిన సరుకు విలువ తెలిపే పపైరస్ పత్రం 1985లో ప్రచురితమైంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ నాణేలు కూడా ఆ దూరదేశపు వ్యాపారానికి గుర్తులే. అయినా ఆయనతో విభేదించేవారు సైతం ఆయన వేసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టక తప్పడం లేదు.

ఇక రట్గర్స్ ఉపన్యాసాలు. 1973లో అవి 'డెమోక్రసీ ఏన్షియంట్ అండ్ మోడర్న్' పేరుతో పుస్తకమయ్యాయి. ప్రజలు రాజకీయాలకు కొంత దూరంగా ఉంటేనే ప్రజాస్వామ్యం స్థిరంగా ఉంటుందని అప్పటి కొందరు రాజనీతి శాస్త్రవేత్తలు చెబుతుండేవారు. దానికి ఫిన్లే జవాబు ఏథెన్స్. అక్కడ 500 మంది సభ్యుల మండలిని చీటీలు తీసి ఎంపిక చేసేవారు. యుద్ధమా, సంధా అన్నది పౌరసభలో కూర్చున్న రైతు, చెప్పులు కుట్టేవాడు చెయ్యెత్తి నిర్ణయించేవారు. స్త్రీలకు, బానిసలకు, పరదేశీయులకు అందులో చోటు లేదన్న నిజాన్ని ఆయన దాచలేదు. కానీ చోటు దక్కిన సామాన్యులు పాలనను పాల్గొనడం ద్వారానే నేర్చుకున్నారన్నారు. ప్రజల ఉదాసీనత ప్రజాస్వామ్యానికి బలం కాదు, జబ్బు అన్నదే ఆ పుస్తకం సారం.

ఆ ఉపన్యాసాల్లో ఒకటి సోక్రటీస్ విచారణ గురించి. క్రీస్తుపూర్వం 399లో ఏథెన్స్ తన తత్వవేత్తను చంపడాన్ని ఆయన సమర్థించలేదు. అలాగని మూర్ఖపు గుంపు చేసిన పనిగానూ కొట్టేయలేదు. యుద్ధంలో ఓడి, నియంతల పాలన చవిచూసి బయటపడిన సమాజం భయంతో ఏం చేస్తుందో చూడమన్నారు. భయపడిన సంస్థ ఏం చేస్తుందో ఆ ఉపన్యాసం ఇచ్చిన విశ్వవిద్యాలయానికే తెలుసు.

ఫిన్లే 1986లో కన్నుమూశారు. తాకట్టు రాళ్ల లెక్కలు మారవచ్చు, వాణిజ్యం మీద ఆయన అంచనా తప్పు కావచ్చు. పౌరుడు జవాబు చెప్పకుండా ఉండే హక్కును ఒక విద్యాసంస్థ కాపాడగలదా అన్న ప్రశ్న మాత్రం పాతబడలేదు. రట్గర్స్ తన తప్పిదాన్ని సరిదిద్దుకునే దిశగా ఆయనను వేదిక ఎక్కించడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆలోపు ఆయన మరో దేశపు పౌరుడైపోయారు.