ప్లాస్టిక్ కవర్‌లో ఇంటి గుట్టు

బోథ్ నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌లో వైకల్యం తేల్చే సదరం క్యాంపుకు పోయేవాళ్లను బస్సులోనే పోల్చుకోవచ్చు. ఒళ్లో ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, పాత ఎక్స్‌రేలు, ఎప్పటివో మందుల చీటీలు, అన్నీ అందులోనే. ఏది అడుగుతారో తెలియదు మరి. ఒక్క కాగితం తక్కువైతే మళ్లీ స్లాట్, మళ్లీ యాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, ఇంకో రోజు కూలి పోవడం. అందుకే ఎవరు చెయ్యి చాపినా కవర్ మొత్తం ఇచ్చేస్తారు.

మొన్న జిరాక్స్ దుకాణంలో ఒకామె వెనక నిలబడ్డాను. కొడుక్కి సర్టిఫికెట్ వచ్చింది, ఇక పింఛన్‌కు పెట్టాలి. దుకాణం పిలగాడు కవర్‌లోంచి ఒక్కో కాగితం తీసి అద్దం మీద బోర్లిస్తున్నాడు. ఓ చీటీ నెత్తిన ‘ఎర్రగడ్డ’ అని ఉంది. మానసిక ఆసుపత్రి ఉన్న చోటది; మన దగ్గర ఆ పేరు చాలు, జబ్బు పేరు చదవక్కర్లేదు. వరుసలో ఉన్నవాళ్ల చూపులు చీటీ మీంచి బయట బల్ల మీద కూర్చున్న కొడుకు మీదికి పోయాయి. "ఏమైంది పెద్దమ్మా, పిలగానికి?" అన్నాడొకాయన, జాలిగానే. "జ్వరమొచ్చి..." అని ఆమె ఆగిపోయింది.

అసలు ఆ చీటీ జిరాక్స్ తీయాల్సిన పనే లేదు. వైకల్యం ఎంతో తేల్చేది డాక్టర్లు. వాళ్లకు చికిత్స కాగితాలన్నీ చూపాల్సిందే, దాస్తే నష్టం మనకే. తేలాక పింఛన్‌కు లెక్క శాతమే: నలభై, వినికిడికైతే యాభై ఒకటి. జబ్బు ఎప్పుడొచ్చింది, ఎవరు చూశారు, ఏ మందు మింగుతున్నాడు అన్నది సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంకొకరికి అక్కర్లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోనే రోగి వివరాలు గోప్యమంది. ఆ చట్టం జిరాక్స్ మిషన్ దాకా ఎప్పుడొస్తుందో!

ఈ గుట్టు ఒక్క మనిషిది కూడా కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్ కూడా ఉంది. మన ఆదివాసీ గూడేలకు తెలిసిన జబ్బే. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది కాబట్టి అన్న కాగితం బయటపడితే చెల్లె పెళ్లి సంబంధానికి ప్రశ్న వస్తుంది. ఆ చెల్లె ఏ దరఖాస్తు మీదా వేలిముద్ర వేయలేదు, ఎవరికీ సరేననలేదు.

2014లో తెలంగాణ ఆసరా పథకం కింద 1,500 రూపాయలతో మొదలైన దివ్యాంగుల పింఛన్ 2023కి 4,016 అయింది. పైసలు పెరిగిన కొద్దీ "నేను చేయిస్త, కాగితాలియ్యి" అనేవాళ్లూ పెరిగారు. వాళ్ల చేతిలో పడ్డ ఆధార్, పాస్‌బుక్కు నకళ్లు చివరికి ఎక్కడ తేలతాయో ఎవరూ అడగరు. ఆఫీసుకు నేరుగా ఇచ్చినా భద్రమేనా? 2024 జనవరిలో, ప్రభుత్వ పథకాల కోసం జనం ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడ్డాయి, బైకు మీద తీసుకుపోతుంటే జారి. కంప్యూటర్లో ఎక్కిస్తే మాత్రం? 2017లో ఒక పరిశోధన సంస్థ చూస్తే, నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలోనే దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బాహాటంగా కనిపించాయి. వాటిలో పింఛన్‌దారులవీ ఉన్నాయి.

మనం చేయగలిగింది కొంచెమే. నకలు మీద అడ్డంగా ‘పింఛన్ దరఖాస్తు కోసం మాత్రమే’ అని రాసి తేదీ వేయొచ్చు. పింఛన్‌కు ఆధార్ నంబర్ మొత్తం కావాలి గానీ, ఊరికే గుర్తింపు చూపాల్సిన చోట చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. ఓటీపీ అడిగినవాడు ఆఫీసువాడినన్నా చెప్పొద్దు. అసలు కాగితాలు వదిలి రావొద్దు. ఇదంతా రాయనూ చదవనూ రాని మనిషికి చెప్పడం నాకు సిగ్గుగానే ఉంటుంది. ఏది అడగాలో, ఏది అడగకూడదో గోడ మీద పెద్దక్షరాలతో రాయాల్సింది కాగితం అడిగేవాళ్లు.

ఆ రోజు దుకాణంలో ఆమెకు ఇదంతా చెప్పలేదు. "ఆ చీటీ వద్దమ్మా, సర్టిఫికెట్ చాలు" అన్నాను. చీటీ లోపల పెట్టుకుంది. అప్పటికే నల్లగా పడి చెడిపోయిన నకలొకటి పిలగాడు ఉండచుట్టి బుట్టలో పడేశాడు. ఆమె వంగి బుట్టలో చెయ్యి పెట్టి దాన్ని వెతికి తీసింది. "గిది గూడ మాదే బిడ్డా" అని, సాపు చేసి కవర్‌లో పెట్టుకుంది.